సీక్వెల్‌కి ఐదు వేలా? ముందు మీ బొటనవేలిని అడగండి

నాలుగేళ్లు ఎదురుచూసిన వీడియో గేమ్. మొదటి భాగాన్ని నేనూ మా అక్క కొడుకూ కలిసి రెండుసార్లు పూర్తి చేశాం. రెండో భాగం ట్రైలర్ వచ్చిన రాత్రి వాడు మా వైజాగ్‌లోనే సీతమ్మధార నుంచి ఫోన్ చేసి "మావయ్యా, చూసేవా?" అని అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. విడుదల రోజు పొద్దుటి షిఫ్ట్ దిగి, అన్నం కూడా తినకుండా కూర్మన్నపాలెంలో బస్సెక్కి ద్వారకానగర్ వెళ్లాను. ముందే డబ్బు కట్టి పెట్టుకున్న డిస్క్ తెచ్చుకున్నాను. 4,999 రూపాయలు.

శనివారం మధ్యాహ్నం వాడు మా ఇంటికి వచ్చేసరికి అప్‌డేట్లతో సహా అంతా సిద్ధంగా ఉంది. కంట్రోలర్ వాడికిచ్చి పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా చూపు తెర మీద నుంచి వాడి చేతుల మీదకి పోయింది. "పక్కకి దొర్లడానికి ఈ బటన్ నొక్కండి" అని తెర మీద అక్షరాలు రాకముందే వాడి బొటనవేలు ఆ బటన్ మీద ఉంది. ఎదుటివాడు కత్తి ఎత్తగానే ఎడమ చూపుడువేలు డాలు ఎత్తేసింది. గోడ అంచున పసుపు రంగు కనబడగానే స్టిక్ పైకి నెట్టేశాడు, ఎక్కేశాడు. ఆ ఆట వాడికి ఒక్కటంటే ఒక్కటి కొత్తగా నేర్పలేదు. నలభై నిమిషాలయ్యాక కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, "ఇదేటి మావయ్యా, పాతదే కదా" అన్నాడు.

వాడు కోప్పడి ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. అంత నెమ్మదిగా అనేసరికి నాకు మాట రాలేదు.

ఆ ఆట పేరు చెప్పను. ఒక్క ఆట మీద కోపం తీర్చుకోవడానికి ఇది రాయడం లేదు. ఇలాంటి సీక్వెల్ ప్రతి ఏడాదీ ఏదో ఒకటి వస్తుంది, పెద్ద పెద్ద ట్రైలర్లతో వస్తుంది, మన ఊళ్లో ఏ కుర్రాడో మూడు నెలల పాకెట్ మనీ దాచుకుని కొంటాడు. ఆ డబ్బు పెట్టేముందు చేతిలో ఉన్న దారులేమిటి, ఎవరికి ఏది సరిపోతుంది అన్నది నాకు తెలిసినంతవరకు చెబుతాను.

పాతది వాడుకోవడం తప్పు కాదు

ముందు ఒక అపోహ తీసేయాలి. "అదే మ్యాప్, అవే బొమ్మలు" అన్నది అసలు ఫిర్యాదు కాదు. నింటెండో కంపెనీ జెల్డా వరుసలో 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అనే ఆట 2023లో వచ్చింది. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో మనం తిరిగిన హైరూల్ అనే కల్పిత రాజ్యాన్నే మళ్లీ ఇచ్చారు. అయినా చాలామందికి మోసపోయామని అనిపించలేదు. ఎందుకంటే ఈసారి కనబడిన చెక్కనీ చక్రాన్నీ ఫ్యాన్‌నీ ఒకదానికొకటి అతికించి బండి చేసుకోవచ్చు, పడవ చేసుకోవచ్చు, అది నడవకపోతే ఊడదీసి మళ్లీ కట్టుకోవచ్చు. వాగు అదే, దాన్ని దాటే ఆలోచన కొత్తది. పైన ఆకాశంలో దీవులు, కింద నేల మాళిగ అంతా అదనం.

అదే వరుసలో ఇంకా పాత ఉదాహరణ 2000లో వచ్చిన 'మజోరాస్ మాస్క్'. 1998 నాటి 'ఆకరినా ఆఫ్ టైమ్' బొమ్మల్ని చాలామటుకు అలాగే వాడేసుకున్నారు. కానీ చంద్రుడు మూడు రోజుల్లో ఊరి మీద పడతాడు, ఆ మూడు రోజులనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి ఆడాలి అన్న ఒక్క నియమంతో ఆట మొత్తం మారిపోయింది. తెలిసిన ముఖాలే ఉన్నా ఎప్పుడు ఎక్కడ ఉండాలో మనమే లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2023 నవంబర్‌లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 3'లో విడుదల రోజున ఇచ్చిన 16 మామూలు మల్టీప్లేయర్ మ్యాపులూ (ఆన్‌లైన్‌లో జనం కలిసి పోరాడే చోట్లు) 2009 నాటి 'మోడర్న్ వార్‌ఫేర్ 2'వే, మెరుగులు దిద్ది ఇచ్చారు. 2009లో ఆడినవాళ్లకి అదొక తీపి జ్ఞాపకం, కాదనను. కానీ పూర్తి ధర పెట్టేవాడు జ్ఞాపకం ఒక్కటే కొనుక్కుంటే చాలా? నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రం మీద వచ్చిన ఫుట్‌బాల్ ఆట 'ఫిఫా 20' లెగసీ ఎడిషన్‌లో జట్ల జాబితాలు, జెర్సీలు కొత్తవి, ఆట మాత్రం అంతకుముందు ఏడాదిదే. అక్కడ కనీసం 'లెగసీ', అంటే పాతదాని వారసత్వం అని పేరులోనే సంగతి చెప్పేశారు. చెప్పకుండా అమ్మే పాత చింతకాయ పచ్చడే నొప్పి పుట్టిస్తుంది.

ఎందుకిలా చేస్తారంటే డబ్బు భయం. 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని 2023లో అమెరికాలో ఒక కోర్టు కేసు పత్రాల్లో బయటపడింది. అంత సొమ్ము పెట్టినవాడు మొదటి భాగంలో జనానికి నచ్చినదాన్ని ముట్టుకోవడానికి జంకుతాడు. 'అసాసిన్స్ క్రీడ్' 2009 నుంచి 2015 వరకు ఏటా వచ్చింది. 2014లో 'యూనిటీ' బగ్గులతో, అంటే ప్రోగ్రామ్ లోపాలతో పరువు పోగొట్టుకున్నాక, 2016లో ప్రధాన ఆట తీయకుండా ఆగారు. 2017లో 'ఆరిజిన్స్' వచ్చేసరికి కత్తియుద్ధం దగ్గర్నుంచి అన్నీ మారిపోయి ఉన్నాయి. కాబట్టి ఊపిరి పీల్చుకునే తీరిక ఇస్తే పెద్ద కంపెనీలు కూడా చేయగలవు. నేను ఆ ఆశ వదులుకోలేదు.

బొటనవేలు పరీక్ష

మేనల్లుడి చేతులు చూశాక నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ట్రైలర్ చూసి ఏదీ తేల్చకండి. అది కోసి, కూర్చి, సంగీతం పోసి తయారు చేసినది. యూట్యూబ్‌లో మాటలు లేకుండా ఎవరైనా ఆడిన అరగంట వీడియో పెట్టుకోండి. సౌండ్ తీసేయండి. కంట్రోలర్ ఆన్ చేయకుండా ఊరికే చేతిలో పట్టుకోండి. తెర మీద జరిగే ప్రతిదానికీ ఏ బటనో మీ వేలికి ముందే తెలిసిపోతోందా? ఎక్కడైనా "ఇదెలా చేశాడు?" అని వేలు ఆగిందా? అరగంటలో మూడు నాలుగుసార్లు ఆగితే ఆ సీక్వెల్‌లో సరుకున్నట్టే. ఒక్కసారీ ఆగకపోతే, మీరు కొనబోయేది కొత్త కథ వేసిన పాత ఆట. కథ కోసమే కొంటే కొనండి, కానీ దాని విలువ మొదటి రోజు ధర కాదు.

విడుదలకి ముందు ఇచ్చే మాటల మీద డబ్బు కట్టడం ఇంకా ప్రమాదం. 'ఓవర్‌వాచ్ 2'ని 2019లో ప్రకటించినప్పుడు కలిసి ఆడే కథా విభాగాన్నే గొప్పగా చూపించారు. 2022లో ఆట వచ్చింది. ఆ విభాగంలో పెద్ద భాగమైన హీరో మోడ్‌ని 2023 మేలో రద్దు చేశారు.

మొదటి రోజే కొనాలా?

కొన్నిసార్లు కొనాలి. మీ స్నేహితులు నలుగురు అదే రాత్రి ఆన్‌లైన్‌లో దిగుతున్నారనుకోండి, ఆరు నెలలు ఆగి కొంటే మీరొక్కరే మిగులుతారు. ఫుట్‌బాల్, షూటింగ్ ఆటల్లో జనం ఎటుంటే ఆట అటే ఉంటుంది. కథ ఎవరైనా ముందే చెప్పేస్తే తట్టుకోలేనివాళ్లకి కూడా ఆగమని చెప్పలేను, నేను కూడా ఆ కోవకే చెందుతాను.

కానీ కొంటే డిస్కే కొనండి, నచ్చకపోతే మళ్లీ అమ్ముకోవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డిజిటల్‌గా కొన్న ఆటని 14 రోజుల్లో వెనక్కివ్వచ్చు, అయితే డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ఉంటేనే. అంటే ఆడి చూసి నచ్చలేదని ఇచ్చే వీలు లేదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అంటే మాత్రం ఈ విషయంలో నాకు చాలా గౌరవం: కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి ఇస్తారు. కంప్యూటర్ మీద ఆడేవాళ్లు ఆ రెండు గంటల్లో బొటనవేలు పరీక్ష నేరుగా చేసేసుకోవచ్చు. గడియారం పెట్టుకోండి, మొదట్లో వచ్చే సినిమా లాంటి ముక్కలు చూస్తూ కూర్చుంటేనే గంట పోతుంది.

డిజిటల్ ప్రీ ఆర్డర్ నా దృష్టిలో అనవసరం. ఫైలు స్టాక్ అయిపోదు కదా. దానికి బదులుగా ఇచ్చేది ఒక రంగు చొక్కా, ఒక మెరుపు కత్తి. వాటి కోసం సమీక్షలు రాకముందే డబ్బు కట్టి కూర్చోవడం దేనికి?

ఇంకో సౌకర్యం చాలామందికి తెలియదు. ప్లేస్టేషన్ ప్లస్ డీలక్స్ అనే చందా ఉన్నవాళ్లకి కొన్ని కొత్త ఆటలు కొద్ది గంటల ట్రయల్‌గా దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ చందా ఈఏ ప్లే ఉంటే ఆ కంపెనీ కొత్త ఆటల్లో చాలావాటిని పది గంటలు ఆడి చూడవచ్చు. ఏటా వచ్చే ఫుట్‌బాల్ ఆటకి పది గంటలు బోలెడు, తేడా ఉందో లేదో రెండో మ్యాచ్‌లోనే తెలిసిపోతుంది.

ఆగి కొనడం

ఒంటరిగా కథ ఆడేవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమందికి నేనిచ్చే సలహా ఇదే. ధర తగ్గుతుందన్నది సగం కారణమే. రెండో సగం, ఆట బాగుపడుతుంది. 'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబర్ 10న వచ్చింది. వారం తిరిగేసరికి దాని పరిస్థితి చూసి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్‌లోంచే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక నైపుణ్యాల పద్ధతీ పోలీసుల తీరూ అన్నీ తిరగరాశారు. మొదటి రోజు కొన్నవాడు ఎక్కువ ధరకి పాడైన ఆట ఆడాడు, మూడేళ్లు ఆగినవాడు తక్కువ ధరకి మంచి ఆట ఆడాడు. ఇద్దరిలో మొదటివాడే ఆ ఆటని ఎక్కువగా ప్రేమించినవాడు కావడం నాకు ఎప్పటికీ బాధే.

ఒక్క హెచ్చరిక. అప్‌డేట్లు బగ్గుల్ని తీసేస్తాయి గానీ ఆలోచన లేని ఆటకి ఆలోచన పుట్టించవు. సైబర్‌పంక్ తిరగరాత లాంటిది అరుదు. పరీక్షలో మీ వేలు ఆగకపోతే, ఏడాది ఆగినా మీకు దొరికేది అదే ఆట, కాకపోతే చవగ్గా.

ఆగడం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. సాయంత్రం ఆడటానికి ఈలోగా ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే మూడో రోజుకే మనసు లాగి కొనేస్తాం. ఆ ఖాళీని దేంతో నింపాలన్నదే అసలు ఎంపిక.

అదే డబ్బుకి ఇంకేం వస్తుంది?

మొదటి భాగం ఆడనివాళ్లకి జవాబు తేలిక: మొదటి భాగమే కొనండి. అదనపు కథలన్నీ కలిపిన పూర్తి ఎడిషన్ చూసుకోండి. 'విచర్ 3' పూర్తి ఎడిషన్‌లో అసలు ఆటతో పాటు రెండు పెద్ద అదనపు కథలున్నాయి, అందులో 'బ్లడ్ అండ్ వైన్' ఒక్కటే ఒక పూర్తి ఆటంత ఉంటుంది. సేల్‌లో దాని ధర ఒక కొత్త సీక్వెల్‌తో పోల్చడానికే ఉండదు.

చందా కట్టి జాబితాలోని ఆటలు ఆడుకునే పద్ధతి విషయంలో నేను కాస్త అనుమానంగానే ఉంటాను. వారానికి పదిహేను ఇరవై గంటలు ఆడే కాలేజీ కుర్రాళ్లకి ప్లేస్టేషన్ ప్లస్ ఎక్స్‌ట్రా లాంటివి లాభమే. షిఫ్టులు చేసుకుంటూ మామూలుగా వారానికి మూడు గంటలు ఆడే నాలాంటివాళ్లకి కాదు. ఆటలు మధ్యమధ్యలో జాబితా నుంచి వెళ్లిపోతుంటాయి, చందా ఆపితే సగంలో ఉన్న ఆట కూడా ఆగిపోతుంది. సెలవుల్లో ఒక నెల కట్టి, తనివితీరా ఆడి ఆపేయడం మంచిది. కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఎపిక్ స్టోర్ ప్రతి గురువారం ఏదో ఒక ఆట ఉచితంగా ఇస్తుంది, అది మరిచిపోకండి.

సెకండ్ హ్యాండ్ డిస్కులకి మన వైజాగ్‌లో గిరాకీ బాగానే ఉంది. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు దుకాణాల్లో అడిగి చూడవచ్చు, తెలిసినవాళ్ల దగ్గర మార్చుకోనూవచ్చు. డబ్బు ఇచ్చేముందు డిస్క్‌ని ట్యూబ్ లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పండి. మధ్య నుంచి అంచుకి పోయే సన్నని గీతలు పెద్దగా ఏమీ చేయవు. అంచు వెంబడి గుండ్రంగా తిరిగే గీత, వేలిగోటికి తగిలే గీత ఉంటే వద్దనండి. పెట్టెలో ఉన్న బోనస్ కోడ్ కాగితాలు ఎవరో వాడేసి ఉంటారు, వాటికి డబ్బు లెక్కకట్టకండి. మీది డిస్క్ డ్రైవ్ లేని, విడిగా తగిలించుకునే వీలూ లేని డిజిటల్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) అయితే ఈ దారి మీకు లేదు. కన్సోల్ కొనబోయేవాళ్లు కాస్త ఎక్కువైనా డ్రైవ్ ఉన్నది తీసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. డ్రైవ్ లేనిది కొన్నప్పుడు మిగిలిన డబ్బు నాలుగైదు ఆటల్లో పోతుంది.

ఇక నా మనసుకి దగ్గరైన దారి, చిన్న బృందాల ఆటలు. ఒక సీక్వెల్ ధరలో ఇవి మూడు నాలుగు వస్తాయి. చిన్నవి కదా, ఏం ఉంటుందిలే అనుకునేవాళ్లు ఒక్కసారి 'బలాట్రో' పెట్టుకుని చూడండి. ఒక్క మనిషి చేశాడు, 2024లో వచ్చింది. పేకముక్కలతో పోకర్‌లోలా జతలూ వరుసలూ కూర్చడం, కానీ ప్రతి రౌండ్ తర్వాత దొరికే జోకర్లు లెక్కల నియమాల్నే మార్చేస్తాయి. పేకాట తెలిసిన మన ఇళ్లలో ఇది ఎవరికీ నేర్పనక్కర్లేదు. 'హేడిస్' చేసినవాళ్లు చిన్న స్టూడియోనే. వాళ్లు కూడా సీక్వెల్ తీశారు, 'హేడిస్ 2' పూర్తి రూపం 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. అందులో నాయిక వేరు, ఆమెకి మంత్రశక్తి ఉంది, పాతాళంలోకి దిగే దారితో పాటు పైకి ఎక్కే దారి ఇంకోటి పెట్టారు. పాత వేగంతో ఆడబోతే దెబ్బలు తింటాం. సీక్వెల్ అంటే నేను ఆశపడేది అదే. 'హాలో నైట్' చేసిన టీమ్ చెర్రీ మరీ చిన్న బృందం. 'సిల్క్‌సాంగ్' మొదట అదనపు కథగా మొదలై, పెరిగి పెద్దదై, 2025 సెప్టెంబర్‌లో 20 డాలర్లకి విడుదలైంది. అందులో కిందికి కొట్టే దెబ్బ కూడా ఏటవాలుగా పోతుంది, మొదటి భాగం బాగా వచ్చినవాడు కూడా పది నిమిషాలు తడబడాల్సిందే. మన దేశంలోంచి కూడా ఒకటి చెప్పాలి: పుణెకి చెందిన స్టూడియో 2020లో తెచ్చిన 'రాజీ'. నిడివి తక్కువ, యుద్ధం కాస్త బిగుతుగా ఉంటుంది, కానీ ఆ గోపురాల మధ్య, ఆ గోడల మీద బొమ్మల మధ్య నడుస్తుంటే మనింటి కథలోకి వెళ్లినట్టు ఉంటుంది.

స్థలం సంగతి కూడా చూసుకోండి. మొదట వచ్చిన పీఎస్5లో మనకి వాడుకోవడానికి మిగిలేది సుమారు 667 జీబీ. వంద జీబీ దాటిన పెద్ద ఆటలు ఐదారు వేస్తే నిండిపోతుంది. 100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా వంద జీబీ దిగడానికి రెండు గంటల పైనే. చిన్న ఆటలు టీ తాగి వచ్చేలోపు సిద్ధం.

మేం ఏం చేశామంటే

ఆ సీక్వెల్ కథ పూర్తి చేశాను. అబద్ధం చెప్పను, చివరి అరగంట బాగుంది. పూర్తయిన మర్నాడే, అంటే కొన్న పన్నెండో రోజున, డిస్క్ ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేశాను. ధర పడిపోకముందే ఇవ్వాలి, నెల దాటితే అందరూ ఇచ్చేస్తారు. 3,200 వచ్చాయి. అంటే నాకు 1,799 ఖర్చయింది, ఆ కథకి అది న్యాయమైన ధరే అనిపించింది.

ఆ 3,200తో వాడికీ నాకూ కలిపి ఏం తీసుకోవాలా అని వారం ఆలోచించి 'ఇట్ టేక్స్ టూ' తీసుకున్నాం. 2021 నాటిది, అసలు ఒక్కరుగా ఆడటానికి వీల్లేని ఆట. ఒకరు కొంటే చాలు, ఫ్రెండ్స్ పాస్‌తో రెండోవాళ్లు ఇంకో ఆట కొనకుండానే వాళ్ల ఇంటి నుంచి కలవచ్చు. కాబట్టి వాడు సీతమ్మధారలో, నేను కూర్మన్నపాలెంలో. మిగిలిన డబ్బు వాడి దగ్గరే ఉంది. దేనికో ఇంకా చెప్పలేదు.

మొదటి రాత్రి ఆట ఒక పనిముట్ల షెడ్‌లో మొదలైంది. నా బొమ్మకి మేకులు దొరికాయి, వాడి బొమ్మకి సుత్తి. నేను మేకు విసిరి గోడకి దిగ్గొట్టాలి, వాడు దూకి సుత్తితో ఆ మేకుని పట్టుకుని ఊగాలి. నేను విసిరాను. వాడు దూకాడు, కిందపడ్డాడు. మళ్లీ దూకాడు, మళ్లీ పడ్డాడు. హెడ్‌సెట్‌లో బటన్లు టకటకమని తడుముకుంటున్న చప్పుడు.

"మావయ్యా, ఆగు ఆగు. పట్టుకోడానికి ఏ బటన్?"